టమాటాలో అనధికార ముద్రలు

జీవితంలో నేను ఒకే ఒక్క ఉపమానం వాడాను. దానివల్ల జరిగింది చూశాక మళ్లీ ఆ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను.

మా ఎర్రగుట్టపల్లె టమాటా పరిశోధన స్థానంలో నేను శాస్త్రవేత్తను. పేరు సోమశేఖరం. నా విషయం మొక్కల్లో డీఎన్ఏ మిథైలేషన్. పెళ్లిచూపుల్లో ఈ మాట చెబితే మా మామగారు "గవర్నమెంటుదేనా?" అని అడిగి, అవునన్నాక పిల్లనిచ్చారు. ఆ తర్వాత పదిహేడేళ్లలో ఆ విషయం గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. రోజూ పదిన్నరకు వచ్చి, ఆకులు నూరి, రసం తీసి, దాన్ని యంత్రంలో పెట్టి, అది చెప్పింది రాసుకుని ఇంటికి పోయేవాణ్ని. దేశానికి నావల్ల నష్టం లేదు. లాభం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒక వేసవిలో రెడ్డెమ్మ వచ్చింది. మా పక్క పల్లె రైతు. ఎకరంన్నరలో టమాటా వేస్తుంది. స్టీలు గిన్నెలో ఎనిమిది కాయలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇవి కోసి ఇరవై దినాలైంది సార్. ఒకటన్నా మెత్తబడిందేమో పట్టుకోని చూడండి."

పట్టుకుని చూశాను. నిన్న కోసినట్టున్నాయి.

"అసలు పండవా?"

"పండతాయి. మామూలు కాయ కంటే పదైదు దినాలు ఎనక. చెట్టు మీదున్నా అంతే, గంపలో ఉన్నా అంతే. తోటంతా ఒకే నాటురకం, ఒక్క చెట్టుకే ఇట్ల వచ్చింది. దాని గింజ తీసి ఒక సాలు నాటితే సాలంతా ఇదే మాదిరి కాసింది."

మా ప్రాంతంలో టమాటా రైతుకు గడువివ్వదు. ధర ఉన్నా లేకున్నా పండిన రోజు అమ్మాలి. లేకపోతే రోడ్డు పక్కన పారబోయాలి. పదిహేను రోజులు ఆగే కాయంటే ఏమిటో నాకు తెలుసు. రెడ్డెమ్మకు ఇంకా బాగా తెలుసు.

"మార్కెట్టుకు నేను పోవాల గానీ మార్కెట్టు నన్ను ఈడ్చుకోని పోగూడదు సార్," అంది. "రేపు ఎవుడో ఈ గింజను డబ్బాలో పోసి నాకే అమ్మకుండా, నా పేరు మీద రాయించండి. అంతే నేను అడిగేది."

రాయిస్తానన్నాను. కొత్త రకం నమోదు దరఖాస్తు ఫారం ఆమెకు ఇచ్చాను. అందులో తొమ్మిదో నిబంధన ప్రకారం విత్తనం మొత్తం స్థానానికి అప్పగించాలి, దరఖాస్తుదారు వద్ద ఒక్క గింజ కూడా ఉండకూడదు. స్వచ్ఛత కోసమట. ఎవరి స్వచ్ఛతో అందులో రాయలేదు.

"పిడికెడు ఇంట్లో పెట్టుకుంటా సార్. గింజ లేకపోతే ఇల్లు ఇల్లు మాదిరి ఉండదు."

"నిబంధన అమ్మా," అన్నాను. ఆ మాటను ఎంత మెత్తగా అన్నానంటే ఆమెకు అదేదో మందు పేరులా వినిపించి ఉంటుంది. మర్నాడు, కాపు అయిపోయిన ఆ సాలు గింజంతా గుడ్డమూట కట్టి తెచ్చి ఇచ్చింది. నేను రసీదు ఇచ్చాను.

ఇక నా పని మొదలైంది. ఆ గింజల్లో కొన్ని పరీక్షకు నాటి, ఆ మొక్క డీఎన్ఏను, ఆమె తోటలోని మామూలు మొక్క డీఎన్ఏను పక్కపక్కన పెట్టి చదివాను. అక్షరం తేడా లేదు. రెండోసారి చదివాను, లేదు. అప్పుడు మిథైలేషన్ చూశాను.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. మొక్కలో ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. వేరు ఎలా కావాలో ఆకుకూ తెలుసు, పువ్వు ఎలా కావాలో వేరుకూ తెలుసు. అయినా ఎవరి పని వారు చేస్తారు. ఎందుకంటే అక్కర్లేని జన్యువులు నోరు మూసుకుని ఉంటాయి. వాటి నోరు మూయించే వాటిలో ఒకటి మిథైల్ అనే చిన్న రసాయనం. అది డీఎన్ఏ అక్షరానికి అంటుకుంటుంది. అక్షరం మారదు, జన్యువు మాత్రం పలకదు. టమాటా పండాల్సిన రోజు వచ్చినప్పుడు మొక్కే ఆ మిథైల్‌ను ఊడబీకుతుంది, జన్యువు లేస్తుంది, కాయ ఎర్రబడుతుంది. రెడ్డెమ్మ మొక్కలో పండించే జన్యువు దగ్గర మిథైల్ దట్టంగా పట్టి ఉంది. ఊడటానికి పదిహేను రోజులు ఎక్కువ పడుతోంది. ఆ పట్టుడు గింజలోకీ, గింజ నుంచి పిల్ల మొక్కకూ దిగుతోంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పదిహేడేళ్లలో మొదటిసారి నా విషయం ఒక మనిషికి పనికొచ్చేట్టుంది. ఆ సంతోషంలోనే బుద్ధి గడ్డి తిన్నది.

దరఖాస్తులో "ఏ జన్యువు మారినది?" అని ఒక గడి ఉంది. ఏదీ మారలేదు. కాబట్టి వివరణ జత చేయాలి. నోట్లన్నీ సామాన్యునికి అర్థమయ్యే సరళమైన తెలుగులో ఉండాలని అదే నెలలో ఉత్తర్వు వచ్చింది. మా ఆఫీసులో సామాన్యుడెవరా అని ఆలోచించి ఇలా రాశాను: "జన్యువు ఒక ఫైలు. మిథైలేషన్ దాని మీద పడే ముద్ర. ముద్ర పడితే ఫైలులో ఒక్క అక్షరం మారదు. కానీ ఆ ఫైలు ఇక కదలదు."

రాసి నాలుగుసార్లు చదువుకున్నాను. నాలోనూ ఒక రచయిత ఉన్నాడని తెలిసి మురిసిపోయాను.

ఆ నోటు పరిపాలనాధికారి పరంధామయ్యగారి బల్ల మీదకు పోయింది. ఆయన ఏ కాగితాన్నీ చదవరని, జతపరచిన వాటిని లెక్కపెట్టి పై అధికారికి పంపుతారని ప్రతీతి. ఆ రోజు చదివారు. "ముద్ర" అన్న మాట కంటపడటమే కారణం. నన్ను పిలిపించారు.

"సోమశేఖరం గారూ, ఈ ముద్రలు వేస్తున్నదెవరు?"

"మొక్కేనండి."

"మొక్క హోదా?"

"హోదా ఏమీ ఉండదండి. దానిలో ఒక ఎంజైము ఉంటుంది, అది వేస్తుంది."

"పర్మనెంటా, అవుట్‌సోర్సింగా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేనూ మానేశాను.

"ఎన్ని ముద్రలుంటాయి?"

"కణానికి కోట్లలో ఉంటాయండి."

పరంధామయ్యగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మన ఆఫీసు మొత్తానికి ముద్రలు పదకొండు. పదకొండూ బీరువాలో ఉంటాయి. తాళం నా మొలతాడుకు ఉంటుంది. పోయినేడు 'నిజప్రతి' ముద్ర ఒక పూట కనపడకపోతే డైరెక్టరుగారు భోజనం చేయలేదు. అలాంటిది మన కాంపౌండులో, మన నీళ్లు తాగుతూ, ఒక మొక్క కోట్ల ముద్రలు వేస్తోంది. దీనికి రిజిస్టరు ఎక్కడ?"

"అది ఉపమానమండి."

"ఉపమానానికైనా రిజిస్టరు ఉండాలి కదండీ."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ స్థానపు ఆవరణలోని కొన్ని మొక్కలు సమర్థాధికారి పూర్వానుమతి లేకుండా ముద్రలు వేయుచున్నట్లును, సదరు ముద్రల వలన ఫైళ్ల కదలిక స్తంభించుచున్నట్లును డాక్టర్ సోమశేఖరం గారి ఫిర్యాదు ద్వారా తెలియవచ్చినది. తదుపరి ఉత్తర్వుల వరకు సదరు విత్తనము సీలు చేయబడి ఈ కార్యాలయపు స్వాధీనములో ఉండవలెను." నేను ఫిర్యాదుదారుణ్ని అయిపోయాను. టమాటా ముద్దాయి.

ముద్రల రిజిస్టరు తయారు చేసే బాధ్యత నాదే. నా పరీక్ష మొక్కల్లో ఒకటో నంబరు తీసుకుని, మొదటి క్రోమోజోము నుంచి ప్రతి ముద్రకూ వరుస సంఖ్య, స్థానం, ప్రయోజనం రాయించాను. "ప్రయోజనం" గడిలో చాలా వాటికి "తెలియదు" అని రాయాల్సి వచ్చింది. అది కొట్టేసి "పరిపాలనా కారణములు" అని రాయమన్నారు పరంధామయ్యగారు. అక్కడ మాత్రం ఆయన శాస్త్రానికి నాకంటే దగ్గరగా ఉన్నారనిపించింది. మొదటి క్రోమోజోము మూడోవంతు అయ్యేసరికి ఆఫీసులో కాగితం అయిపోయింది. ఈలోగా మొక్క పూతకొచ్చింది. పూతకు రావడమంటే కొన్ని ముద్రలు ఊడటం, కొన్ని కొత్తగా పడటం. రిజిస్టరు చెల్లలేదు. విచారణ పెండింగులో ఉండగా మొక్క పూత పూయుటకు గల కారణములు తెలుపవలసిందిగా నాకు మెమో వచ్చింది. "కాలము వచ్చినందున" అని జవాబు రాశాను. జవాబు సంతృప్తికరముగా లేదన్నారు.

రెడ్డెమ్మ ప్రతి సోమవారం వచ్చి వరండాలో కూర్చునేది. "నారు పోసే అదును దాటిపోతా ఉండాది సార్," అనేది. "అయిపోవచ్చిందమ్మా," అనేవాణ్ని. ఏది అయిపోవచ్చిందో నాకే తెలియదు.

చివరకు ముద్రల క్రమబద్ధీకరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు డైరెక్టర్ విశ్వంభరంగారు. సభ్య కార్యదర్శి పరంధామయ్యగారు. నేను ప్రత్యేక ఆహ్వానితుణ్ని, అంటే టీ ఇస్తారు, మాట చెల్లదు. మొదటి సమావేశానికి రెడ్డెమ్మను కూడా పిలిచారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"అమ్మా," అన్నారు డైరెక్టరుగారు, "మీ మొక్క ముద్రలు వేస్తున్న సంగతి మీ దృష్టికి ఎప్పుడు వచ్చింది?"

"నాకు తెల్దు సార్. అది కాయలు కాస్తాది."

"మీ ప్రోద్బలం ఏమైనా ఉందా?"

"నీళ్లు కట్టినాను. పేడ ఏసినాను."

పరంధామయ్యగారు రాసుకున్నారు. "సార్, నా గింజ ఎప్పుడిస్తారు?" అంది రెడ్డెమ్మ.

"మీ విత్తనం ప్రభుత్వ రక్షణలో ఉందమ్మా."

"అదే సార్ నా భయం."

ఆమెను పంపించేశాక చర్చ లోతుల్లోకి పోయింది. ఈ ముద్రలు తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు కూడా వస్తాయని నేను చెప్పాను. పరంధామయ్యగారు ఉలిక్కిపడ్డారు. "అంటే ఒకరి హయాంలో పడిన ముద్ర వారసులకు కూడా చెల్లుతుందా? కారుణ్య నియామకానికే మనం పదిహేను పత్రాలు అడుగుతున్నాం సార్."

డైరెక్టరుగారు కిటికీలోంచి తోట చూశారు. ఆయన కూడా ఒకప్పుడు శాస్త్రవేత్తే. "మాకు అసలు ఆందోళన ఏమిటంటే," అన్నారు, "ఏ ఫైలు తెరవాలో ఏది మూయాలో ఒక మొక్క తనంతట తానే నిర్ణయించుకుని, సకాలంలో అమలు కూడా చేసుకుంటే, ఈ స్థానం ఎందుకనే ప్రశ్న రావచ్చు."

ఆ ప్రశ్న అప్పటికే గదిలోకి వచ్చేసినట్టనిపించింది.

పరంధామయ్యగారు తేరుకుని దారి చూపించారు. "ముద్రలన్నీ రద్దు చేద్దాం సార్. ముద్రలు లేకుండా కూడా ఆ కాయ ఆలస్యంగా పండితే నిజంగా కొత్త రకమే, నమోదు చేద్దాం. పండకపోతే మామూలుదే. ఎవరికీ అన్యాయం జరగదు."

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "రద్దు చేసే మార్గం ఉందా, సోమశేఖరం?"

లేదండి అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ నా విషయం గురించి ఎవరైనా ఒక ప్రశ్న అడుగుతారేమోనని పదిహేడేళ్లుగా ఎదురుచూస్తున్నవాణ్ని నేను. పైగా జవాబు నాకు వచ్చు. అజాసైటిడిన్ అనే మందు ఉందని, మొలకెత్తే గింజను అందులో నానబెడితే కొత్త కణాలకు మిథైల్ ముద్రలు సరిగా పడవని, ముద్రలు పలచబడిపోతాయని ఇరవై నిమిషాలు చెప్పాను. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. చివర్లో గొంతు తగ్గించి, "కాకపోతే ఆ ఆలస్యంగా పండే గుణం కూడా పోతుందండి," అన్నాను.

"గుణం అనధికార ముద్ర వల్ల వచ్చిందైతే," అన్నారు డైరెక్టరుగారు, "అది అనధికార గుణం. పోవడమే సబబు."

"పిడికెడు గింజలు విడిగా ఉంచుదామండి."

"సగానికి ఒక నియమం, సగానికి ఒక నియమమా?" అన్నారు పరంధామయ్యగారు. తీర్మానం కింద నేనూ సంతకం పెట్టాను. ప్రత్యేక ఆహ్వానితుడి సంతకం అక్కర్లేదని తర్వాత తెలిసింది.

సీలు విప్పి, నా పరీక్ష మొక్కల కాయల్లోని గింజలనూ కలిపి లెక్కపెట్టారు. రెండు వేల మూడు వందల ఆరు. ఆ మందు నా చేత్తోనే కలిపాను. గింజలు నా చేతుల్లోనే ఉన్నాయి, గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. పది గింజలు జేబులో వేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ లెక్కలో పది తగ్గితే సంజాయిషీ ఎవరు రాయాలి? నేను నిజాయితీపరుణ్ని. రెండు వేల మూడు వందల ఆరూ మందులో పోశాను.

సగానికి పైగా మొలకెత్తలేదు. మొలకెత్తినవి మరుగుజ్జులయ్యాయి. ముద్రలు ఊడగానే తరతరాలుగా నోరుమూసుకున్న జన్యువులన్నీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి. ఆకులు మెలి తిరిగాయి. కొన్ని మొక్కలు జానెడు ఎత్తులోనే పూత పూశాయి, కొన్ని పూయడం మర్చిపోయాయి. నిలిచిన వాటికి కాయలొచ్చాయి, వచ్చినవి మామూలు టమాటాల కంటే రెండు రోజులు ముందే ఎర్రబడ్డాయి. సంఘం క్షేత్ర పర్యటనకు వచ్చింది. డైరెక్టరుగారు ఒక కాయ నొక్కి చూశారు, వేలు లోపలికి దిగింది. "క్రమశిక్షణ వచ్చింది," అన్నారు.

"దరఖాస్తుదారు రకమునకును సాధారణ రకమునకును ఎట్టి భేదమును లేదని సశాస్త్రీయముగా నిర్ధారణ అయినందున దరఖాస్తు తిరస్కరించడమైనది" అని రెడ్డెమ్మకు రిజిస్టరు పోస్టులో పంపారు. సోమవారం ఆమె రాలేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక్క మొక్కకైనా ఆ పాత పట్టుడు మిగిలిందేమోనని ఆకు ఆకూ వెతికాను. మిగల్లేదు. వెతుకుతుండగా తట్టింది. ముద్రలు తుడిస్తే గుణం పోయిందంటే, గుణం ముద్రల వల్లే వచ్చిందన్నమాట. అక్షరం మారకుండా కొత్త రకం పుట్టగలదని ఇంతకంటే చక్కటి రుజువు ఉండదు. అలాంటి రుజువు కావాలని నేను వందసార్లు అర్జీ పెట్టుకున్నా ఎవరూ రెండు వేల గింజలు తగలెయ్యనిచ్చేవారు కాదు. పరంధామయ్యగారి పుణ్యాన తగలేశాను. వ్యాసం రాసి విదేశీ పత్రికకు పంపితే మూడు నెలల్లో వేశారు. నాకు ప్రమోషన్ వచ్చింది. సన్మానం చేశారు. శాలువా కప్పుతూ డైరెక్టరుగారు, ఆ పరిశోధనకు సంఘం ఇచ్చిన దిశానిర్దేశాన్ని గుర్తు చేశారు.

వ్యాసం ప్రతి పట్టుకుని రెడ్డెమ్మ తోటకు పోయాను. ఆమె మామూలు టమాటాలు కోసి బాక్సుల్లో సర్దుతోంది.

"ఏమని రాసినారు సార్ ఇందులో?"

"నీ చెట్టు వేరే రకమే అని. తేడా నిజంగా ఉండిందని. ఇక ప్రపంచంలో ఎవరూ కాదనలేరమ్మా. చివర్లో నీ పేరు కూడా ఉంది."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కాగితాలు తీసుకుంది. పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. అక్కడ వేలు పెట్టి కాసేపు చూసింది.

"వేరే రకమని నేను ఆ దినమే చెప్పినాను గదా సార్."

"చెప్పావు."

"మీరూ పట్టుకోని చూసినారు."

"చూశాను."

"సరే. ఇంగ గింజ ఇయ్యండి."

లేదని చెప్పాను. ఎలా పోయిందో కూడా చెప్పాను, మందు పేరు తప్ప. నాకు ముందే తెలుసనీ, తెలిసే చేశాననీ చెప్పాను. ఎందుకు చేశారని అడుగుతుందని భయపడ్డాను. ఆమె కాగితాలు మడిచి నా చేతికే ఇచ్చేసింది.

రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

"ఈ పొద్దు ధర అసలు లేదంట సార్," అంది, బాక్సు వైపు వంగుతూ. "అయినా పంపాల. ఇవి రేపటికి ఆగవు. ఆ పక్క పట్టుకోండి."

పట్టుకున్నాను. నా సర్వీసు మొత్తంలో ఒక రైతుకు నేను అక్కరకొచ్చింది అప్పుడే, అదీ ఇరవై అయిదు కిలోల మేరకు.